పదిహేడో గడి

ఆ ఎండాకాలం నాకు గోడలు చూసే ఉద్యోగం దొరికింది. నారాయణఖేడ్ కాలేజీలో గెస్టు లెక్చరర్లను మార్చి నెలాఖరుకి ఇంటికి పంపేస్తారు. మళ్లీ పిలిచేదాకా మేం బతికున్నామో లేదో ఎవరికీ పట్టదు. అలా ఖాళీగా కూర్చున్న రోజుల్లో, అదే కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైన అలీముద్దీన్ సార్ ఫోన్ చేశారు. పట్నంలో ఏదో సంస్థ పాత కోటలు, గడీలు, బురుజులు అన్నీ వెతికి, రకాల వారీగా విడదీసి పుస్తకం వేస్తుందట. ఖేడ్ చుట్టుపక్కల మండలాలు సార్ వంతుకు వచ్చాయి.

"టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాలె బేటా. రాసే చెయ్యి కూడ కావాలె. నీకు రెండూ ఉన్నయి," అన్నారు.

సార్‌కి తెలియని సంగతి ఒకటుంది. నేను కాపురం ఉంటున్నదే ఒక గడిలో. రాణివాసం అనుకునేరు! కల్హేర్ పోయే దారిలో ఉన్న మా ఊళ్లో, దొరల గడి ముందు వాకిట్లో, ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన కొట్టంలో. మా మామ మత్తయి ఆ గడిలో వెట్టి చేసిన ఇంటివాడు. దొర కుటుంబం పట్నానికి తరలిపోతూ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి "మేమొచ్చేదాకా చూస్తుండు" అన్నదట. వాళ్లు రాలేదు. మామ పోయాడు. ఇప్పుడా కొట్టంలో మా అత్తమ్మ సంతోషమ్మ, ఆటో నడిపే నా భర్త యేసుబాబు, మా బిడ్డ షైనీ, నేను ఉంటున్నాం. మాదని చెప్పుకోవడానికి కాగితం ముక్క లేదు. కాలేజీలో ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే "బడి వెనకాల" అనేదాన్ని. బడి వెనకాల ఉన్నది గడే కాబట్టి అబద్ధం ఆడటం లేదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

మొదటి వారం కంగ్టి వైపు వెళ్లాం. కంది కోసేసిన చేల మధ్య నాలుగు మూలలా కూలిన రాతికట్టడం ఒకటి ఉంది. ఊరివాళ్లు దాన్ని కోట అన్నారు. అక్కడివాళ్లకి రాయి మీద రాయి నిలబడితే చాలు, అన్నీ కోటలే. పైగా మేం గుప్తనిధి కోసం వచ్చామని ఒకాయన సాయంత్రందాకా మా వెంటే తిరిగాడు.

సార్ గోడకి టేపు ఆనించకుండానే అడిగారు. "గిది కోటనా, గడినా? చెప్పు."

"పెద్దగ ఉంది గద సార్. కోటనే అయితది."

"పెద్దగుంటే కోట, చిన్నగుంటే గడినా? లావున్నోడల్లా దొరనా? గోడల కంతలు చూడు. తుపాకి మూతి పెట్టనీకి చేసిన కంతలు. ఎటు చూస్తున్నయి?"

వంగి చూశాను. చేల మీదుగా దూరంగా, కర్ణాటక వైపు దారి కనిపించింది. "బయటికి చూస్తున్నయి సార్."

"బయటికెల్లి వచ్చెటోని కోసం పెట్టుకున్నరు. అందుకే గిది కోట. గదే కంత ఊరి మీదికి చూస్తే గడి. గోడ లేకుంట ఒంటిగ నిలబడి నాలుగు దిక్కులు చూస్తే బురుజు. గోడ ఎంత ఎత్తుందో కొలిచెటోళ్లు మస్తుమంది ఉన్నరు బేటా. గోడకు ఎవరంటే భయమో గది కనుక్కోవాలె మనం."

నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పానన్న మాటేగానీ ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆ నెలలో పంతొమ్మిది కట్టడాలు కొలిచాం. ఎండకి ముఖం మాడిపోయింది. అయినా పొద్దున లేవగానే కాలు నిలిచేది కాదు. ఆ పని మీద నాకంత ఇష్టం పుట్టింది.

ఒక్కో కట్టడానికి ఒక్కో ఫారం. అందులో నలభై రెండు ప్రశ్నలు, ప్రతి ప్రశ్న ఎదుట జవాబు రాసే చదరం. పుస్తకాల తెలుగులో ఆ చదరాన్ని గడి అంటారు. మా ఊళ్లో గడి అంటే దొరలుండే బంగళా ఒక్కటే. ఫారం నెత్తిన లావుపాటి అక్షరాలతో ఒక హెచ్చరిక అచ్చు వేశారు.

ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని ఫారాలు సరిచూసుకుంటున్నాను. అత్తమ్మ పక్కనే చేటలో కందులు చెరుగుతోంది. ఆమెకి చదువు రాదు. కానీ లావు అక్షరాలంటే గౌరవం.

"పైన గంత లావుగ ఏం రాసిండ్రు బిడ్డా?"

"ఏ గడినీ ఖాళీగా వదలరాదు అని రాసిండ్రు."

ఆమె చేతిలో చేట ఆగింది. "సర్కారోళ్లు రాసిండ్రా?"

"ఆ, అట్లనే అనుకో," అన్నాను తల ఎత్తకుండా.

ఆదివారం చర్చి అయ్యాక పక్కింటి అమృతమ్మ నా చేయి పట్టుకుంది. "ఇగ మీకు ఫికర్ లేదంట గద రోజా! ఏ గడీ ఖాళీ ఉంచొద్దు, మనుషులు ఉండాలెనని సర్కారే కాయితం కొట్టిచ్చిందంట. మీ అత్త చెప్పింది."

నాకు అర్థమయ్యేసరికి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. ఇంటికెళ్లి అసలు సంగతి చెబుదామనుకున్నాను, చెప్పలేదు. నేను పెళ్లయి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను, ఎవరైనా కారేసుకుని గడి ముందు ఆగితే చాలు, అత్తమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవి తడుముకునేది. ఆ వారం ఒక కారు ఆగి దారి అడిగి వెళ్లింది. ఆమె చెయ్యి బొడ్డు దాకా పోలేదు. అంత నిశ్చింతను ఎట్లా చెరపను?

మే నెల మధ్యలో జాబితా మా ఊరిదాకా వచ్చింది. "అది చిన్నది సార్, సగం కూలింది," అని దాటవేయబోయాను. "కూలినా కంతలుంటయి," అన్నారు సార్.

ముందు రోజు పొయ్యి దగ్గర అత్తమ్మకి చెప్పాను. "రేపు సార్ గడి చూడనీకి వస్తడు అత్తమ్మా. నేను ఇక్కడే ఉంటనని ఆయనకు ఎర్క లేదు."

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "చెప్పొద్దా?"

"ఇప్పుడు వద్దు. తర్వాత నేనే చెప్త."

"సరే తీ బిడ్డా," అంది. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను అంతకుముందే కూడబలుక్కున్నాను. ఆ అవసరమే రాలేదు.

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద కల్హేర్ వెళ్లి, అక్కడ సార్‌ని కలుసుకుని, మా ఊరికి పరాయిదానిలా తిరిగొచ్చాను. అత్తమ్మ నేనడిగినదానికంటే ఎక్కువే చేసి పెట్టింది. గోడ మీద మా పెళ్లి ఫోటో లేదు. దండెం మీద నా చీరలు లేవు. షైనీని అమృతమ్మ ఇంటికి పంపించేసింది. నెత్తిన కొంగు కప్పుకుని ఎదురొచ్చింది.

"రాండ్రి సార్. రాండ్రి మేడం."

మా ఇంట్లో నాకే కుర్చీ వేసి, కొంగుతో దాన్ని తుడిచింది. చుట్టాలకిచ్చే స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చింది. సిగ్గు దాచుకోవడానికని ఇదంతా చేస్తే, అంతకు పదింతల సిగ్గు వచ్చి మీద కూర్చుంది. అయినా టేపు పట్టుకున్నాను, అంకెలు రాసుకున్నాను.

సార్ గడి చుట్టూ తిరిగి వచ్చి మా కొట్టం ఎదుట ఆగిపోయారు. గడి పై అంతస్తు గోడలో ఒక కంత ఉంది.

"చిత్రంగుంది. గిది బయటికి చూస్తలేదు. ఊరి మీదికి కూడ చూస్తలేదు. సీదా గీ కొట్టం మీదికే చూస్తుంది," అని అత్తమ్మ వైపు తిరిగారు. "పెద్దమ్మా, ఈ కంత సంగతి నీకెర్కనా?"

"ఎర్క లేకేంది సార్. ఆడికెల్లి దొరసాని చూస్తుండె. మేం ఎప్పుడు లేస్తున్నం, ఏం తింటున్నం, పని కాడ ఎవరన్న కూసున్నరా, అన్నీ చూస్తుండె. వాళ్లు పోయిన దినమే మా ఆయన నిచ్చెనేసుకొని దాన్ల పాత బొంత కుక్కిండు. మొదలు గా పని జేసి, గప్పుడు అన్నం తిన్నడు."

సార్ టేపు చుట్టుకున్నారు. "గడి. ఏం అనుమానం లేదు. రాసుకో బేటా," అన్నారు.

పదిహేడో ప్రశ్న దగ్గర నా కలం ఆగింది. నివాసితుల సంఖ్య, కట్టడంతో వారి సంబంధం: యజమాని, కౌలుదారు, కాపలాదారు, ఆక్రమణదారు. యజమానులం కాదు. కౌలు లేదు. కాపలా అని రాస్తే దొర చెయ్యి ఇంకా మా నెత్తిమీద ఉన్నట్టే. ఆక్రమణ అని రాస్తే నా ఇంటివాళ్లని నేనే దొంగలని రాసినట్టు. అదంతా ఒక ఎత్తు. సంఖ్య రాయాలంటే నన్ను కలిపి రాయాలి.

"ఎంతమంది ఉంటరు పెద్దమ్మా?" అని సార్ అడిగారు. ఆమె నా ముఖం చూసింది.

"ఇది నేను మళ్లొచ్చి నింపుత సార్," అన్నాను తొందరగా. మర్చిపోకుండా సార్ ఆ ఫారం కింద తన చేతిరాతతో "17వ గడి ఖాళీ" అని రాశారు.

మళ్లీ వచ్చి నింపడానికి నాకు పెద్ద దూరం లేదు. చెయ్యి చాపితే చాలు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే ఫారాలు కట్టగట్టి పట్నం పంపించేశాం.

జూన్ మొదట్లో రెవెన్యూవాళ్లు గడి తలుపు మీద కాగితం అంటించి పోయారు. పట్నం సంస్థ సర్వేలో ఈ గడి ఖాళీగా ఉన్నట్టు తేలినందున, పదిహేను రోజుల్లో తాళం వేసి బాగుచేయడానికి దొర వారసులకు అప్పగిస్తారట. యేసుబాబు దాన్ని రెండుసార్లు చదివి నా ముందు పెట్టాడు.

"నువ్వే గద కొలిచింది? ఇంత పెద్ద కొట్టంల మేం నీ కండ్లకు కనవడలేదా?"

ఆ మాటకి తల కొట్టేసినట్టయింది. సార్‌కి ఫోన్ చేసి పట్నంలో కనుక్కోమన్నాను. కంప్యూటర్‌లో ఎక్కించినవాళ్లు "17వ" అన్న ముక్క వదిలేసి, రిమార్కుల కింద "గడి ఖాళీ" అని మాత్రమే కొట్టారట. చదివినవాళ్లకి అందులో తప్పేం కనిపిస్తుంది?

"పిల్లనేమనకురా. కాయితం తప్పొచ్చిందేమో," అంది అత్తమ్మ కొడుకుతో. తర్వాత నాకేసి తిరిగింది. "ఖాళీగ వదలొద్దని వాళ్లే గద లావుగ రాసిండ్రు. ఇగ వాళ్లే ఖాళీ ఎట్ల జేస్తరు?"

అప్పుడిక చెప్పక తప్పలేదు. ఆమె పక్కన కూర్చుని నేల మీది దుమ్ములో వేలితో చిన్న చదరం గీశాను. "కాయితంల గిట్లుంటది అత్తమ్మా. దీన్ని కూడ గడి అనే అంటరు. దీన్ని ఖాళీ ఉంచొద్దని రాసిండ్రు. మన గడి గురించి కాదు."

ఆమె దాన్ని వంగి చూసింది. "గింత దాన్ని కూడ గడే అంటరా?"

"అంటరు."

"దీన్లనే మనల్ని రాయాల్నా?"

"ఆ."

"రాయలేదా?"

"రాయలే అత్తమ్మా."

చేటలో మిగిలిన కందులు డబ్బాలో పోసి మూత పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఖేడ్‌లో సార్ ఇంటికి వెళ్లాను. సార్ భార్య ఆబెదా చాయ్ తెచ్చింది. చాయ్ చల్లారాక చెప్పాను.

"సార్, ఆ కొట్టం మా ఇల్లు. ఆమె మా అత్తమ్మ."

సార్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ రోజు సంగతంతా ఆయన దగ్గర విన్న ఆబెదా, ఆయన అనలేని మాట అంది. "యా అల్లా! సొంత అత్తతోని మేడం అనిపిచ్చుకున్నవా?"

"ఎందుకు చెప్పలేదు బేటా?" అన్నారు సార్.

"గుర్రాల కొట్టంల ఉంటున్నమని... సిగ్గయింది సార్."

"గంత చరిత్ర చదువుకొని, సిగ్గు నీకా? కంత పెట్టుకున్నోళ్లకు ఉండాలె సిగ్గు," అన్నారు. కోపంగానే అన్నారు. తర్వాత పనిలోకి దిగారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, రాసిస్తే ఆ ఉత్తర్వు ఆగుతుందట. ఇంకో మాట కూడా చెప్పారు. "కొలిచినామె అదే ఇంట్ల ఉంటదని తెలిస్తే సర్వేకెల్లి నీ పేరు తీసేస్తరు. కాలేజీల కూడ అందరికి తెలుస్తది. మీ అత్తమ్మ ఒక్కతే ఉంటదని రాసినా తాళం అయితే ఆగుతది. నేను నిన్ను ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అనను."

ఇంటికొచ్చి రెండు దారులూ చెప్పాను. అత్తమ్మ ఆలోచించలేదు. "ఒక్కదాన్నే ఉంటనని రాపియ్యి. నీ కొలువు ఉంటది, ఇల్లూ ఉంటది. ఏం పోయింది?" అంది.

మృగశిర తుంపర పడుతున్న రోజున ఇన్‌స్పెక్టర్ దశరథ్ వచ్చాడు. సార్ కూడా వచ్చారు. దశరథ్ కొట్టం చూరు కింద కుర్చీలో కూర్చుని మోకాలి మీద మా సర్వే ఫారం పెట్టుకున్నాడు.

"ఎంతమంది ఉంటరమ్మా?"

"ఒక్కదాన్నే సార్."

"కొడుకున్నడు గద?"

"ఖేడ్‌ల ఉంటడు సార్. ఆటో నడుపుతడు." యేసుబాబు బయట ఆటో దగ్గరే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

దశరథ్ గడప పక్కకి చూశాడు. "మరి గా చిన్న పిల్ల చెప్పులు?"

"పక్కింటోళ్ల పిల్లయి."

ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి, నా కోసం వరసగా మూడు అబద్ధాలాడింది. ఆడుతున్నప్పుడు ఆమె గొంతు కూడా తడబడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎంత అలవాటైపోయింది మనిషికి, తనని తాను తగ్గించుకోవడం! దశరథ్ ఒకటి వేయడానికి కలం ఆనించాడు.

"నలుగురం సార్," అన్నాను.

అతను తలెత్తాడు. "మీరెవరు?"

"సర్వే రాసిన రోజాను. ఈమె కోడల్ని. ఆటో దగ్గరున్నాయన మా ఆయన. ఆ చెప్పులు మా బిడ్డవి. మేం నలుగురం ఇక్కడే ఉంటం."

"ఊకో బిడ్డా," అని అత్తమ్మ నా చీర వెనక నుంచి లాగింది. నేను ఊరుకోలేదు. దశరథ్ మా సార్ వైపు చూస్తే, ఆయన తుంపర వైపు చూస్తున్నారు. కలం ఒకసారి విదిలించి నాలుగు వేశాడు.

"సంబంధం ఏంది? యజమానా, కౌలా, కాపలానా, ఆక్రమణనా?"

"ఉంటున్నోళ్లం," అంది అత్తమ్మ.

"అది సంబంధం కాదమ్మా. ఈ గడి మీకేమైతది?"

"మాకది ఏం గాదు సార్. మేమే దానికి ఏమన్న అయితం. ఊడ్చెటోళ్లం, పెంకలు సర్దెటోళ్లం, వానకు కారకుంట చూసెటోళ్లం. మేం లేకుంటే అది గిప్పటిదాక నిలబడుతుండెనా?" ఇప్పుడామె గొంతు వణికింది. "గా నాలుగు పేర్లల ఒక్కటి కూడ మాది కాదు."

దశరథ్ చెవి గోక్కున్నాడు. అప్పుడు సార్ కలగజేసుకున్నారు. "కింద ఇతరములు అని ఇంకో గీత గీసి, ఆమె చెప్పిందే రాయండి. కొలిచినోడిగ నేను సంతకం పెడ్త." పదిహేడో గడిలో "నలుగురు. ఉంటున్నవారు" అని పడింది.

తాళం ఆగింది. వారసులు కోర్టుకి పోతామన్నారని విన్నాం. పోతే పోనీ, అప్పుడు చూసుకుంటాం. సర్వేలో నా పేరు కొట్టేశారు. మిగిలిన బురుజుల దగ్గర టేపు కొస ఇంకెవరో పట్టుకున్నారు. అందుకు మాత్రం నాకు ఏడుపొచ్చింది. జూలైలో కాలేజీవాళ్లు పిలిచారు. స్టాఫ్ రూంలో ఒకావిడ "గడిలో ఉంటారట గదా, నిజమేనా?" అని అడిగింది. "నిజమే. ఆదివారం రండి, చూపిస్తాను," అన్నాను.

ఆగస్టు చివర్లో, పెసర కాయ తెంపే రోజుల్లో, సార్ పుస్తకం అచ్చు కాగితం ఒకటి తీసుకుని వచ్చారు. మా గడి ఉన్న పేజీ. అత్తమ్మ చేలో నుంచి అప్పుడే వచ్చింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, పైటకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది.

"మనల్ని రాసింది యాడుంది బిడ్డా?"

ఆమె చూపుడు వేలు పట్టుకుని అంకె మీద పెట్టాను. "గిది నాలుగు అత్తమ్మా. మనం నలుగురం."

ఆమె దాని మీదికి వంగింది. "గీ నాలుగుల నేను యాడున్న?"

"ముందుగాల నువ్వే ఉన్నవు," అన్నాను.

"మరి నువ్వు?"

"నీ పక్కకే."

అత్తమ్మ అంకె మీద వేలిని కొంచెం పక్కకి జరిపింది.